అకాల ప్రసవం - అతిధ్వని పరీక్ష

ఉపోద్ఘాతం

ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుతుంది గాని ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకదు అన్న మాట మన ఇండ్లలో వినని వారు అరుదు. బందరులో గాని, గుడివాడలో గాని, దివిసీమ పల్లెలలో గాని పురిటింటి వాకిట నిలిచిన పెద్దలు ఈ మాట చెప్పుదురు. ఇది చదువురాని వారి మాట అని కొట్టివేయుటకు వీలు లేదు. ఎనిమిదవ నెలలో ఓజస్సు తల్లికిని బిడ్డకును నడుమ నిలకడ లేక తిరుగుచుండునని, అందుచేత ఆ నెలలో పుట్టిన శిశువు నిలువదని చరక సుశ్రుతుల వైద్యగ్రంథాలు చెప్పినవి. గ్రీకుదేశంలో హిపోక్రటీసు పేర నిలిచిన గ్రంథాలలో ఎనిమిది నెలల శిశువును గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే కలదు. ఆ గ్రీకు వైద్యమే మన యునానీ వైద్యానికి మూలం. ఈ విధంగా మన కళాశాలలోని రెండు భాషల వెనుకనున్న రెండు ప్రాచీన విద్యలును ఒకే అభిప్రాయానికి వచ్చినవి.

అయితే నేటి వైద్యశాస్త్రం దీనిని అంగీకరించదు. గర్భంలో గడచిన ప్రతి వారమును బిడ్డకు బలమే. ఏడవ నెలలో పుట్టిన బిడ్డ కన్న ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుటకే ఎక్కువ అవకాశం. పాతనమ్మకం వలన రెండు కీడులు కలుగుచున్నవి. ఏడవ నెలలో నొప్పులు వచ్చిన చోట ధీమా, ఎనిమిదవ నెలలో వచ్చిన చోట నిరాశ. రెండును ఆలస్యానికే దారితీయును.

మేము వైద్యులము కాము, తెలుగు బోధించువారము. వైద్యుని సలహాకు బదులుగా ఈ వ్యాసాన్ని ఎవరును గ్రహింపరాదు. నెలలు నిండని కాన్పును అతిధ్వని పరీక్ష ద్వారా ముందుగా ఎంతవరకు తెలిసికొనవచ్చును, తెలిసికొన్న పిదప మనము చేయవలసినది ఏమి అన్న రెండు ప్రశ్నలకు మాత్రం మాకు తెలిసినంతలో సమాధానం చెప్ప ప్రయత్నింతుము.

అకాల ప్రసవం అనగానేమి?

చివరి బహిష్టు మొదటి దినం నుండి లెక్కించినచో గర్భకాలం 40 వారాలు, అనగా 280 దినాలు. 37 వారాలు నిండకముందు కలిగిన కాన్పును అకాల ప్రసవమందురు. ఇందు మూడు తరగతులు కలవు. 32 నుండి 37 వారాల లోపు పుట్టినవారు మొదటి తరగతి. 28 నుండి 32 వారాల లోపు వారు రెండవ తరగతి. 28 వారాలైనను నిండనివారు మూడవ తరగతి. తరగతి మారిన కొలది ప్రమాదం హెచ్చును.

2020వ సంవత్సరంలో ప్రపంచమంతట 1 కోటి 34 లక్షల మంది శిశువులు నెలలు నిండక పుట్టినారని అంచనా. అనగా ప్రతి పదిమందిలో ఒకరు. వారిలో 30 లక్షల మందికి పైగా మన దేశంలోనే పుట్టినారు. అయిదేండ్ల లోపు పిల్లల మరణాలకు నేడు ప్రపంచంలో మొదటి కారణం అకాల ప్రసవం వలన కలుగు చిక్కులే.

బిడ్డకు మొట్టమొదట ఎదురగు ఆపద ఊపిరి. ఊపిరితిత్తులలోని గాలితిత్తులు ఒకదానికొకటి అంటుకొనకుండ కాపాడు పదార్థం ఒకటి గర్భంలో చివరి వారాలలో గాని చాలినంతగా తయారు కాదు. అది లేనిచో ప్రతి శ్వాసకును బిడ్డ పెనుగులాడవలసి వచ్చును. పాలు చీకుట, ఒంటివేడిని నిలుపుకొనుట, సూక్ష్మజీవులను ఎదుర్కొనుట కూడ ఆ పసికందుకు కష్టమే.

కవలలు, మునుపటి అకాల ప్రసవం, అధిక రక్తపోటు, రక్తహీనత, మూత్రనాళాలకు సోకు వ్యాధులు, కాన్పుకు కాన్పుకు నడుమ చాలినంత ఎడము లేకపోవుట, మరీ చిన్న వయస్సులో తల్లియగుట - ఇవి అకాల ప్రసవానికి దారితీయు కారణాలలో ముఖ్యమైనవి. ఏ కారణమును కనిపించని కాన్పులును అనేకం కలవు. అందుచేతనే ముందుగా పసిగట్టు సాధనం అవసరమైనది.

మాసగణనంలోని చిక్కు

నెలలు నిండలేదని చెప్పుటకు ముందు ఎన్ని నెలలైనదో తెలియవలెను గదా! ఇది సులభమని తోచును గాని కాదు. మన ఇండ్లలో కొందరు అమావాస్య పున్నములతో, కొందరు సంక్రాంతి ఉగాదులతో, ముస్లిం కుటుంబాలలో కొందరు రంజాన్, బక్రీద్ పండుగలతో తేదీలను గుర్తుంచుకొందురు. చాంద్రమాసం ఇరువదితొమ్మిదిన్నర దినాలు. తొమ్మిది చాంద్రమాసాలు ఇంచుమించు 266 దినాలు. గర్భం నిలిచిన దినం నుండి కాన్పు వరకు పట్టుకాలం సరిగా ఇంతయే. చివరి బహిష్టు నుండి లెక్కించినచో మరి రెండు వారాలు కలియును. పెద్దల లెక్క తప్పు కాదు. కాని ఎక్కడ మొదలుపెట్టినారో తెలియనిచో రెండు, మూడు, నాలుగు వారాల తేడా అతి సులభంగా వచ్చిపడును.

ఈ లెక్క ఎంత ముఖ్యమైనదో ధర్మశాస్త్రవేత్తలును గుర్తించినారు. దివ్య ఖురాన్‌లోని రెండు ఆయతులను కలిపిచూచి గర్భకాలపు కనిష్ఠపరిమితి ఆరు నెలలని ఇస్లామీయ ధర్మశాస్త్రం నిర్ణయించినది. ఉర్దూభాషలో సత్వాసా అన్న మాట ఏడవ నెలలో పుట్టిన బిడ్డకును పేరే, గర్భిణికి ఏడవ నెలలో జరుపు వేడుకకును పేరే. ఈ వేడుక సంగతి మరల ముందు ప్రస్తావింతుము.

అతిధ్వని - ప్రతిధ్వని

మానవుని చెవి సెకనుకు 20 నుండి 20,000 కంపనాలు గల శబ్దాలను మాత్రమే వినగలదు. అంతకు మించిన కంపనాలు గల శబ్దమే అతిధ్వని. వైద్యులు వాడునది సెకనుకు పది లక్షలకు పైగా కంపనాలు కలది. 1880లో ఫ్రాన్సు దేశస్థులైన క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను ఒత్తినచో విద్యుత్తు పుట్టుచున్నదని కనుగొన్నారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో లాంజివిన్ అను శాస్త్రవేత్త ఈ ధర్మాన్ని ఆధారంగా గొని నీటి అడుగున దాగిన జలాంతర్గాములను పసిగట్టు సాధనాన్ని రూపొందించినారు.

మన గిలకలదిండి రేవులోని యాంత్రిక పడవలను చూచినవారికి ఇది క్రొత్త కాదు. పడవ క్రింద నుండి శబ్దాన్ని నీటిలోనికి పంపి, అది అడుగుకు తగిలి తిరిగివచ్చుటకు పట్టిన కాలాన్ని బట్టి లోతును, చేపల గుంపును గుర్తించు పరికరం కొన్ని పడవలలో ఉండును. గర్భిణి పొట్టపై ఆనించు పరికరం చేయు పని కూడ అదియే. శరీరంలోని మెత్తని భాగాలలో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పయనించును. తిరిగివచ్చిన ప్రతిధ్వనులను కూర్చి యంత్రం బొమ్మగా చూపును. ఇందులో ఎక్సురే కిరణాలు లేవు.

స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అను ప్రసూతి వైద్యుడు, లోహాలలోని పగుళ్ళను కనుగొనుటకు కర్మాగారాలలో వాడు అతిధ్వని యంత్రాన్ని స్త్రీల వైద్యానికి మలచి, మాక్‌వికార్, బ్రౌన్ అను సహచరులతో కలిసి 1958లో తమ ఫలితాలను ప్రకటించినాడు. స్కానింగు అని నేడు మనము పిలుచు పరీక్షకు అదియే తొలిమెట్టు.

మొదటి ఉపకారం: తేదీ

అకాల ప్రసవం విషయంలో ఈ పరీక్ష చేయు మొదటి ఉపకారం జోస్యం కాదు, లెక్క సరిచేయుట. మొదటి మూడు నెలలలో పిండాన్ని తల నుండి పిరుదుల వరకు కొలిచినచో గర్భపు వయస్సు అయిదు నుండి ఏడు దినాల తేడాతో తెలియును. ఆ దశలో పిండాలన్నియు ఇంచుమించు ఒకే తీరున పెరుగును. పిమ్మట ఒక బిడ్డ బొద్దుగా, ఒక బిడ్డ సన్నగా పెరుగుటచేత చివరి మూడు నెలలలో అదే లెక్క మూడు వారాల వరకు తప్పవచ్చును. గర్భిణికి 24 వారాల లోపు ఒక స్కానింగు జరుగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించినది.

తేదీ తెలియకపోవుట వలన కలుగు నష్టమేమి? బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా పక్వం చేయుటకు తల్లికి ఇచ్చు సూదిమందు ఒకటి కలదు. న్యూజిలాండులో లిగ్గిన్స్, హోవీ అను వైద్యులు 1972లో దీని ప్రయోజనాన్ని నిరూపించినారు. మన దేశంలో డెక్సామెథసోన్ అను మందును 12 గంటలకొకటి చొప్పున నాలుగు మోతాదులు ఇత్తురు. పెద్ద ఆసుపత్రికి పంపుటకు ముందు మొదటి మోతాదును ఏ.ఎన్.ఎం. కూడ ఇవ్వవచ్చునని భారత ప్రభుత్వం 2014లో అనుమతించినది.

ఇంత మంచి మందు ఒకచోట కీడు చేసినది. మన దేశంతో కలిపి ఆరు దేశాల పల్లెలలో జరిపిన ఒక పెద్ద ప్రయోగపు ఫలితాలు 2015లో వెలువడినవి. అచ్చట గర్భపు వయస్సును స్కానింగుతో నిర్ధారించు వసతి చాలమందికి లేదు. నెలలు నిండిన తల్లులు పలువురికి కూడ ఈ మందు అందినది. మొత్తం మీద శిశుమరణాలు తగ్గుటకు బదులు కొంత పెరిగినవి. పిమ్మట 2020లో మన దేశంతో కలిపి అయిదు దేశాల ఆసుపత్రులలో, స్కానింగుతో వయస్సు నిర్ధారించి, 2852 మంది తల్లులపై మరొక ప్రయోగం జరిగినది. అందు మందు పొందినవారి శిశువులలో నూటికి 19.6 మంది, పొందనివారి శిశువులలో నూటికి 23.5 మంది మరణించినారు. మందు ఒకటే. తేదీ తెలిసిన చోట, తగిన వసతి ఉన్నచోట ప్రాణం నిలిపినది.

ఇందు మరొక చిక్కు కూడ ఉన్నది. పిండపు కొలతను వయస్సుగా మార్చు సూత్రాలు చాలవరకు పాశ్చాత్య స్త్రీల కొలతలపై ఏర్పడినవి. హర్యానాలోని గురుగ్రామ్ ప్రభుత్వాసుపత్రికి వచ్చిన గర్భిణుల కొలతలను ఆధారంగా గొని, ఫరీదాబాదులోని పరిశోధన సంస్థ, మదరాసు ఐ.ఐ.టి. శాస్త్రవేత్తలు కలిసి గర్భిణి అను పేరుతో భారతీయ సూత్రాలను రూపొందించినారు. వాడిన సూత్రాన్ని బట్టి ఆ స్త్రీలలోనే అకాల ప్రసవాల శాతం 11 నుండి 16 వరకు మారినదని వారు గమనించినారు. లెక్క మారినచో రోగుల సంఖ్యయే మారిపోవును!

రెండవ ఉపకారం: గర్భాశయ ముఖద్వారపు కొలత

గర్భాశయం క్రిందికి సన్నబడి ఏర్పడిన ముఖద్వారం కాన్పు వరకు సీసా మెడవలె మూసికొని బిడ్డను నిలిపియుంచును. సాధారణంగా నడిగర్భంలో దీని పొడవు మూడు, నాలుగు సెంటీమీటర్లు. కొందరిలో కాలం రాకముందే ఇది కురచయై లోపలి వైపు నుండి తెరచుకొన నారంభించును. నొప్పులు ఉండవు, తల్లికి ఏమియు తెలియదు. 18 నుండి 24 వారాల నడుమ స్కానింగు ద్వారా దీనిని కొలువవచ్చును. 25 మిల్లీమీటర్లు, అంతకు లోపు ఉన్నచో కురచయైనదని భావింతురు.

పొట్టపై నుండి చేయు కొలత ఇందుకు నమ్మదగినది కాదు. నిండిన మూత్రాశయం ముఖద్వారాన్ని ఒత్తి పొడవుగా చూపును. బిడ్డ తల అడ్డువచ్చును. అందుచేత సన్నని పరికరంతో లోపలి నుండి కొలువవలసి యున్నది. ఈ మాట విని మన కుటుంబాలలో వెనుకాడువారు కలరు. సిగ్గు, మర్యాద మన సంప్రదాయంలో గౌరవింపదగినవే. స్త్రీ వైద్యురాలు కావలెనని కోరుట, తోడుగా తల్లినో అత్తనో ఉంచుమని అడుగుట గర్భిణికి ఉచితమే. కాని పరీక్షనే మానుకొనుట మర్యాద క్రిందికి రాదు. ఈ పరీక్ష వలన బిడ్డకు హాని లేదు.

కొలత ఎంతవరకు నిజం చెప్పును? అమెరికాలో 24 వారాల గర్భిణులైన 2915 మందిని పరిశీలించి 1996లో ప్రకటించిన ఫలితాలు ఇచ్చట గమనింపదగినవి. అందరిలోను నూటికి నలుగురికి 35 వారాలకు ముందు కాన్పు జరిగినది. ముఖద్వారం 25 మిల్లీమీటర్లు, అంతకు లోపు ఉన్నవారిలోనైతే నూటికి 18 మందికి అట్లు జరిగినది. ప్రమాదం నాలుగు రెట్లు హెచ్చినది, నిజమే. కాని మిగిలిన 82 మంది ఆ గడువును క్షేమంగా దాటినారు. మరొక వైపు, ముందుగా కన్నవారిలో నూటికి 37 మందిని మాత్రమే ఈ కొలత పట్టుకొన్నది. కురచ అని విన్నంతనే గుండె చెదరరాదు, పొడవు అని విన్నంతనే అజాగ్రత్త పడరాదు. గర్భిణులందరికిని ఈ కొలత తీయవలెనా, ప్రమాదపు సూచనలు ఉన్నవారికి మాత్రమేనా అన్న విషయంలో వైద్యసంఘాల నడుమ నేటికిని ఏకాభిప్రాయం లేదు.

కొలిచిన పిదప చేయదగినది ఉన్నది గనుకనే ఈ కొలతకు విలువ. ముఖద్వారం 15 మిల్లీమీటర్లు, అంతకు లోపు ఉన్న 250 మంది తల్లులపై జరిపి 2007లో ప్రకటించిన ప్రయోగంలో, ప్రొజెస్టరోన్ అను మందును రాత్రివేళ లోపల ఉంచుకొన్నవారిలో నూటికి 19 మందికి, వాడనివారిలో నూటికి 34 మందికి 34 వారాలకు ముందు కాన్పు జరిగినది. మునుపు గర్భం నిలువనివారిలో కొందరికి ముఖద్వారానికి కుట్టు వేయుదురు. ఈ కుట్టును 1955లో లోకానికి తెలిపినవారు బొంబాయి వైద్యులు విఠల్ నాగేశ్ శిరోద్కర్ గారు. నేటికిని ప్రపంచమంతట వైద్యులు దానిని ఆయన పేరిటనే పిలుచుట మన దేశానికి గర్వకారణం.

జోస్యం కాదు, హెచ్చరిక

గర్భంలో నున్నదానిని ఎరిగినవాడు అల్లాహ్ మాత్రమే గదా, ముందుగా చెప్పుటకు మనమెవ్వరము అని అడుగు పెద్దలు కలరు. వారి విశ్వాసాన్ని మేమును పంచుకొన్నవారమే. అయితే ఈ పరీక్ష ఫలానా దినాన కాన్పగునని చెప్పదు. ఇంతమందిలో ఇంతమందికి ఇట్లు జరిగినదని మాత్రమే చెప్పును. ఒంటెను కట్టివేసి ఆ పిమ్మట దైవంపై భారం మోపుమన్న ప్రవక్త బోధలో మొదటి సగం మానవప్రయత్నమే.

మన ప్రాంతం వారికి ఈ తేడా మరొకరు నేర్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే ఇంచుమించు పదివేల మంది ప్రాణాలు కోల్పోయినారు. తుఫాను వచ్చుచున్నదని వాతావరణ శాఖకు తెలియక కాదు. హెచ్చరిక తీరగ్రామాలకు చేరవలసినంతగా చేరలేదు, చేరినచోట జనాన్ని తరలించు ఏర్పాటు చాలలేదు. నేడు బందరులో డాప్లర్ రాడార్ ఉన్నది. గర్భంలో రక్తప్రసరణను చూపు డాప్లర్ పరీక్షకును దానికిని మూలసూత్రం ఒకటే. 1842లో డాప్లర్ అను ఆస్ట్రియా శాస్త్రవేత్త కనుగొన్నది. కాని రాడార్ ఒక్కటే ఎవరిని కాపాడును? రాడార్ చెప్పిన మాట విని, గాలి మొదలగుటకు ముందే నెలలు నిండిన గర్భిణులను ఆసుపత్రులకు తరలించు అలవాటు కాపాడుచున్నది. స్కానింగు గదిలోని కొలత కూడ అంతే. కొలత వెనుక కదలిక లేనిచో అది కాగితంపై అంకె మాత్రమే.

ఏడవ నెల ప్రయాణం

ఇచ్చట మన ఆచారాన్ని గురించి ఒక మాట చెప్పక తప్పదు. తొలికాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తెచ్చుకొనుట హిందూ ముస్లిం కుటుంబాలలో సమానంగా నున్న ఆచారం. ఒకరు సీమంతమందురు, ఒకరు సత్వాసా అందురు. పూలు, గాజులు, క్రొత్త చీర, పెట్టె అన్నియు బయలుదేరును. స్కానింగు కాగితం మాత్రం అత్తవారి బీరువాలో మిగిలిపోవును! అకాల ప్రసవం సంభవించుటకు అవకాశమున్న వారాలలోనే, తెలిసిన వైద్యురాలిని విడిచి, తేదీని విడిచి ఆమె పయనించుచున్నది.

మా పూర్వవిద్యార్థి ఒకని అక్కను గుడివాడ నుండి నాగాయలంక ప్రాంతంలోని పుట్టింటికి తెచ్చినారు. వేడుక జరిగిన రెండు వారాలకు అర్ధరాత్రి నొప్పులు వచ్చినవి. ఆసుపత్రిలో ఎన్నవ నెల అని అడిగినచో తల్లి ఎనిమిది వచ్చినదన్నది, కూతురు ఏడు అన్నది. అప్పుడు చేసిన స్కానింగులో బిడ్డ చిన్నదిగా కనిపించినది. వారాలు తక్కువ గనుక చిన్నదా, వారాలు నిండినను ఎదుగక చిన్నదా అన్నది తేలలేదు. తమ్ముడు గుడివాడకు ఫోను చేసినాడు. బావగారు బీరువా తెరచి, మూడవ నెలలో తీయించిన స్కానింగు కాగితాన్ని ఫోటో తీసి పంపినారు. లెక్కించి చూడగా 32 వారాలు. సూదిమందు మొదటి మోతాదు ఇచ్చి, పసికందుల ప్రత్యేక విభాగమున్న పెద్దాసుపత్రికి పంపినారు. మూడవ దినాన కాన్పయినది. బిడ్డ కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉండి ఇల్లు చేరినది. కాగితమే బ్రతికించినదని మేము అనము. వైద్యులు, దాదులు, ఆ తల్లి గుండెలపై పగలురేయి బిడ్డను మోసిన ఓపిక అందరును బ్రతికించినారు. కాని వారందరి చేతికి తేదీని అందించినది ఆ కాగితమే.

తల్లి గుండెలపై మోయుట అన్నది అలంకారంగా అన్న మాట కాదు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో, వెచ్చని పెట్టెలు చాలక, పసికందులను తల్లుల రొమ్ముల నడుమ చర్మానికి చర్మం తగులునట్లు కట్టి ఉంచు పద్ధతి మొదలైనది. దీనిని కంగారూ పద్ధతి అందురు. పుట్టిన వెంటనే దీనిని ఆరంభించినచో తక్కువ బరువు శిశువుల మరణాలు నాలుగవ వంతు తగ్గినవని మన దేశంతో కలిపి అయిదు దేశాలలో జరిపిన పరిశోధన 2021లో తేల్చినది.

విద్యార్థులు చేయదగినవి

మా విద్యార్థినీ విద్యార్థులు తమ ఇండ్లలో ఈ క్రింది విషయాలు చెప్పవలెనని కోరుచున్నాము.

1. గర్భం తెలిసిన వెంటనే ఏ.ఎన్.ఎం. వద్ద గాని ఆశా కార్యకర్త వద్ద గాని పేరు నమోదు చేయించి, మూడవ నెల దాటకముందే మొదటి స్కానింగు చేయించవలెను. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ప్రభుత్వాసుపత్రులలో ఉచిత పరీక్షలు జరుపు పథకం అమలైనది.

2. మునుపు నెలలు నిండక కాన్పయినవారు, కవలలు గలవారు ఆ సంగతి దాచక వైద్యురాలికి చెప్పి, ముఖద్వారపు కొలత అవసరమా అని అడుగవలెను.

3. మొదటి స్కానింగు కాగితం గర్భిణితోనే ప్రయాణించవలెను. దాని ఫోటో పుట్టింటివారి ఫోనులోను, అత్తవారి ఫోనులోను ఉండవలెను.

4. 37 వారాలకు ముందు విడిచి విడిచి వచ్చు నొప్పులు, నడుమునొప్పి, ఉమ్మనీరు పోవుట, రక్తం కనిపించుట - వీనిలో ఏది కనిపించినను తెల్లవారువరకు ఆగక 108కి ఫోను చేయవలెను. దీవులలోను, కాలువగట్ల వెంటను ఉన్నవారు ఏ దారిన, ఏ ఆసుపత్రికి పోవలెనో ముందే నిశ్చయించుకొనవలెను.

5. ఆడా మగా అని అడుగరాదు. 1994 నాటి చట్టం ప్రకారం చెప్పుట నేరం, చెప్పుమని కోరుట కూడ నేరం. కోరినవారికి మూడేండ్ల వరకు శిక్ష, 50,000 రూపాయల వరకు జరిమానా కలదు. ప్రాణం నిలుపుటకు వచ్చిన సాధనాన్ని ఆడబిడ్డ ప్రాణం తీయుటకు వాడుట కన్న ఘోరం మరొకటి లేదు.

ఉపసంహారం

1977లో దివిసీమకు లేని సాధనాలు నేడు మనకు ఉన్నవి. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల కూడ ఆరంభమైనది. రేపు మన విద్యార్థినులలో కొందరు అచ్చట వైద్యవిద్య అభ్యసింతురు గాక అని ఆశింతుము. అంతవరకు వైద్యులు కాని మనము చేయగల పని ఒకటున్నది. ఈసారి ఇంట సత్వాసా గాని సీమంతం గాని జరిగినప్పుడు, పెట్టెలో క్రొత్త చీర పెట్టుటకు ముందు మొదటి స్కానింగు కాగితం పెట్టినారా అని అడుగుడు. ఆ ప్రశ్న అడుగుటకు ఏ పట్టమును అక్కరలేదు.